ఇరవై ఏళ్ల నాటి కమలా తొక్క మామగారి దగ్గుకి వాడొచ్చా?

నమస్కారం అండీ. మీరు మూడు సంగతులు అడిగారు. మీ అబ్బాయి చైనాలోని గ్వాంగ్‌జౌ నుంచి వస్తూ "20 ఏళ్ల చెన్‌పీ" అని ఎండు కమలా తొక్కల రేకు డబ్బా ఒకటి తెచ్చాడు, మామగారికి నెల రోజులుగా దగ్గు, తిన్నాక పొట్ట ఉబ్బరం ఉన్నాయి కాబట్టి అది మరిగించి ఇవ్వొచ్చా అన్నది మొదటిది. తొక్క పాతబడేకొద్దీ గుణం పెరుగుతుందంటారు, నిజమేనా అన్నది రెండోది. మన కమలా తొక్కలు ఎండబెట్టి దాచుకుంటే అదే అవుతుందా అన్నది మూడోది. నేను ఫార్మసీ చదివి గ్వాంగ్‌జౌలో మూలికల నాణ్యత చూసే ల్యాబ్‌లో తొమ్మిదేళ్లు పనిచేశాను. ఆ తొమ్మిదేళ్లలో నా బల్ల మీదికి అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చిన సరుకు ఈ తొక్కే. అందుకే కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మామగారి సంగతి. నెల రోజుల దగ్గు అంటే కషాయం గురించి ఆలోచించే ముందు తెమడ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించండి. మన దేశంలో రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే క్షయ కాదని తేల్చుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ పరీక్ష ఉచితంగా చేస్తారు. తెమడలో రక్తపు చార కనిపించినా, బరువు తగ్గుతున్నా, నడిస్తే ఆయాసం వస్తున్నా ఇంకొక్క రోజు కూడా ఆగకండి. పెద్దాయన బీపీ మాత్ర వాడుతుంటే అది కూడా డాక్టరుకి చెప్పండి, ఎందుకంటే కొన్ని బీపీ మాత్రలే పొడి దగ్గు తెప్పిస్తాయి. అప్పుడు చైనా తొక్క తాగినా, మన కరక్కాయ చప్పరించినా తగ్గదు. డాక్టరు మాత్ర మార్చాలి, అంతే.

అదంతా అయ్యాక, భయపడాల్సింది ఏమీ లేదని తేలితే, అప్పుడు డబ్బా మూత తీద్దాం.

చైనా భాషలో 'చెన్' అంటే పాతది, 'పీ' అంటే తొక్క. పేరులోనే వయసు ఉంది. కమలా పండు తొక్కని ఎండబెట్టి, దాచి, వాడతారు. వాళ్ల వైద్యంలో దీని రుచి చేదు, ఘాటు, స్వభావం వేడి, పనిచేసే చోట్లు రెండు, జీర్ణాశయం వైపు ఒకటి, ఊపిరితిత్తుల వైపు ఒకటి. వాళ్లు 'చీ' అనే శక్తి కదలికని సరిచేస్తుందని, లోపల పేరుకున్న తేమని ఆరబెడుతుందని, కఫాన్ని కరిగిస్తుందని చెబుతారు. మన ఆయుర్వేదంలో దీపనం, పాచనం, వాతానులోమనం అంటాం కదా, వాటికి దగ్గరగా ఉంటుంది గానీ రెండు శాస్త్రాల మాటలు ఒకదానికొకటి సరిగ్గా అతకవు. మామూలు మాటల్లో చెప్పాలంటే, తిన్నది అరగక పొట్ట బిగుసుకుని, త్రేన్పులు వస్తూ, నాలుక మీద తెల్లగా మందంగా పూత కట్టి, గొంతులో తెల్లటి జిగురు కఫం తెమలని మనిషికి ఇది ఇస్తారు.

అక్కడే అసలు తేడా ఉంది. మామగారిది ఆ రకం దగ్గేనా? పొడి దగ్గై, గొంతు గీరుకుపోయి, నాలుక ఎర్రగా ఉండి, రాత్రి నోరు ఆరిపోతుంటే చైనా వైద్యుడెవరూ చెన్‌పీ ఇవ్వడు. ఆరబెట్టే మందుని ఆరిపోయినవాడికి ఇస్తే ఏమవుతుంది? ఇంకా ఆరుతుంది. "దగ్గుకి చెన్‌పీ" అని ఒక్క ముక్కలో చెప్పే వీడియోలన్నీ దాటేసే విషయం ఇదే.

ఇంకో సంగతి. చెన్‌పీని ఒంటరి మందుగా ఇచ్చేది తక్కువ, తోడుగా వేసేదే ఎక్కువ. 1578లో తన మహా మూలికా గ్రంథాన్ని పూర్తిచేసిన లీ షీజెన్ దీని గురించి రాసిన మాటలు అక్కడి విద్యార్థులకి కంఠతా వస్తాయి. బలమిచ్చే మందులతో కలిస్తే బలమిస్తుంది, వెళ్లగొట్టే మందులతో కలిస్తే వెళ్లగొడుతుంది, పైకి తీసుకెళ్లేవాటితో పైకి, కిందికి దించేవాటితో కిందికి అని. ఎవరి పక్కన ఉంటే వాళ్ల పనికి సాయం పడుతుందన్నమాట. సోంగ్ వంశం కాలం నుంచి వాడుకలో ఉన్న 'అర్‌చెన్ తాంగ్' అనే కషాయం దీనికి మంచి ఉదాహరణ. ఆ పేరుకి అర్థం 'రెండు పాతవాటి కషాయం'. ఆ రెండింట్లో ఒకటి మన తొక్క, రెండోది బాన్‌షియా అనే దుంప. ఆ దుంపది మన కంద, చేమల కుటుంబమే. పచ్చి చేమ ముక్క నాలుక మీద పెట్టుకుంటే గొంతంతా దురద పుడుతుందే, బాన్‌షియా పచ్చిగా తింటే అంతకంటే ఘోరంగా ఉంటుంది, విషం కూడా. అందుకే అల్లంతో, పటికతో శుద్ధి చేసి వాడతారు. దయచేసి ఇంటర్నెట్‌లో చూసి ఆ దుంపని తెప్పించుకోకండి.

ఇక మీ రెండో ప్రశ్న, పాతబడితే గుణం పెరుగుతుందా అన్నది. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది.

పాతవైతేనే మంచివనే మూలికలు చైనా సంప్రదాయంలో ఆరు ఉన్నాయి. 'ఆరు పాతవి' అనే ఆ లెక్క క్రీస్తు శకం ఐదు, ఆరో శతాబ్దాల్లో బతికిన తావ్ హోంగ్‌జింగ్ అనే వైద్యుడి పేరు మీద చెబుతారు. అందులో కమలా తొక్క, బాన్‌షియా రెండూ ఉన్నాయి. నాకు ఇది మొదటిసారి చెప్పినప్పుడు వెంటనే మన ఆయుర్వేద గ్రంథకర్త శార్ఙ్గధరుడు గుర్తొచ్చాడు. ఏ మందుకైనా కొత్త ద్రవ్యాలే వాడాలి, వాయువిడంగాలు, పిప్పళ్లు, బెల్లం, ధాన్యం, నెయ్యి, తేనె తప్ప అన్నాడు కదా. అక్కడా ఆరే, ఇక్కడా ఆరే. ధాన్యం అన్న చోట ధనియాలని చెప్పేవాళ్లూ ఉన్నారు. మన ఇళ్లలో కూడా కొత్త బియ్యం పొట్టకి బరువని పాత బియ్యంతో జావ కాస్తాం, జ్వరం తగ్గినవాళ్లకి నోటికి రుచి తెలియడానికి నల్లబడ్డ పాత నిమ్మకాయ ఊరగాయ ముక్క పెడతాం. కాబట్టి పాతదానికి గుణం ఉంటుందన్న మాట మనకేమీ వింత కాదు.

కానీ ఆ పాత వైద్యులు చెప్పిన కారణం చూడండి. కాలం గడిస్తే తొక్కలోని దురుసు తగ్గుతుంది, పొడిబార్చే ఘాటు తగ్గి మెత్తబడుతుంది అన్నారు. అంటే పెరిగేది బలం కాదు, తగ్గేది కరుకుదనం. ల్యాబ్‌లో చూసినా దాదాపు ఇదే కనిపిస్తుంది. పచ్చి తొక్కని వేళ్లతో వంచితే కంట్లో చుర్రుమని పడే నూనె ఉంటుంది కదా, అందులో ఎక్కువ భాగం లిమొనీన్. అది గాలిలోకి ఆవిరైపోయే స్వభావం ఉన్నది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నూనెలు తగ్గుతాయి, వాసన మారుతుంది, రంగు ముదురుతుంది. హెస్పెరిడిన్, నోబిలెటిన్, టాంజెరెటిన్ లాంటివి ఫ్లేవనాయిడ్‌లు అనే మొక్కల పదార్థాలు, అవి ఆవిరయ్యేవి కావు, నిలుస్తాయి. పాత తొక్కలో కొన్నిటి శాతం పెరిగినట్టు కొలతల్లో వస్తుంది. తొక్క మొత్తం బరువు తగ్గితే మిగిలినదాని శాతం పెరిగినట్టే కనిపిస్తుంది, అదొక కారణం. తొక్క మీద బతికే సూక్ష్మజీవులు ఈ మార్పులో ఏం చేస్తాయన్నదాని మీద కూడా పరిశోధన సాగుతోంది.

ఇక్కడ మీకు ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటి చెబుతాను. చైనా ప్రభుత్వ ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణాల గ్రంథం, చెన్‌పీకి కనీస వయసంటూ ఏదీ పెట్టలేదు. పండిన పండు తొక్క తీసి, ఎండలోనో తక్కువ వేడిలోనో ఆరబెట్టాలి అని మాత్రమే ఉంటుంది. మామూలు చెన్‌పీలో హెస్పెరిడిన్ 3.5 శాతానికి తగ్గకూడదంటుంది. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రపు ప్రత్యేక రకమైన గ్వాంగ్‌చెన్‌పీకి మాత్రం 2 శాతం ఉంటే చాలంటుంది, దానికి బదులు నోబిలెటిన్, టాంజెరెటిన్ కలిపి 0.42 శాతానికి తగ్గకూడదంటుంది. అంటే ఎన్నో రెట్లు ఎక్కువ ధర పలికే తొక్కలోనే హెస్పెరిడిన్ తక్కువున్నా ఒప్పుకుంటారు. కాబట్టి "మాది పాతది, అందుకే హెస్పెరిడిన్ ఎక్కువ" అని ఎవరైనా అమ్మితే నమ్మకండి. హెస్పెరిడిన్ కావాలంటే అది మన మెడికల్ షాపులో కూడా ఉంది. మొలలకి, కాళ్ల నరాల ఉబ్బుకి డాక్టర్లు రాసిచ్చే డాఫ్లాన్ 500 మాత్రలో డయోస్మిన్‌తో పాటు 50 మిల్లీగ్రాములు అదే ఉంటుంది.

మరి అంత ధర దేనికి? ఊరికి, చేతికి, ఓపికకి. గ్వాంగ్‌డాంగ్‌లో జియాంగ్‌మెన్ నగరం కింద షిన్‌హుయి అనే ప్రాంతం ఉంది. నది నీరు, సముద్రపు పోటు నీరు కలిసే ఒండ్రు నేల. అక్కడ పండే చాజీగాన్ అనే కమలా రకం తొక్కే అన్నిటికంటే గొప్పదంటారు. 2006లో దానికి భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. ఆ పేరుతో అమ్మాలంటే అక్కడి పండే అయ్యుండాలి, అక్కడే కనీసం మూడేళ్లు నిల్వ ఉండాలి. మనకి బందరు లడ్డు, గద్వాల చీర ఎలాగో, వాళ్లకి షిన్‌హుయి తొక్క అలాగ. గ్వాంగ్‌డాంగ్ మూడు నిధులు ఏవంటే చెన్‌పీ, ముదురు అల్లం, వరిగడ్డి అని అక్కడ సామెత.

నేను డిసెంబరులో ఒకసారి ఆ ఊరు వెళ్లాను. వాకిట్లో చిన్న పీటల మీద ఆడవాళ్లు వరుసగా కూర్చుని, పండు అడుగు వైపు నుంచి మూడు గాట్లు పెట్టి, తొడిమ దగ్గర అతుక్కుని ఉండేలా మూడు రేకులుగా తొక్క ఒలుస్తున్నారు. పండు గుజ్జు పక్కన గంపలో పడేస్తున్నారు. మనం తొక్క పారేసి పండు తింటాం, వాళ్లు పండు పక్కన పెట్టి తొక్క దాచుకుంటారు. ఒలిచిన తొక్కని కాసేపు వడలనిచ్చి, మెత్తబడ్డాక లోపలి తెల్ల భాగం బయటికి వచ్చేలా తిరగేస్తారు. పచ్చిగా ఉండగానే తిరగేస్తే పుటుక్కున విరుగుతుంది. ఒక ముసలావిడ నా చేతిలో ఒకటి పెట్టి చెయ్యమంది, నాది రెండు ముక్కలైంది. ఆవిడ వేలితో తొక్క వీపు మీద మెల్లగా నొక్కి చూపించింది, ఆ మెత్తదనం వచ్చేదాకా ఆగాలట. తర్వాత ఎండబెట్టి గోనె సంచుల్లో పోస్తారు. అక్కడితో అయిపోలేదు. ప్రతి ఏడూ గాలిలో తేమ తగ్గిన రోజులు చూసి బయటికి తీసి మళ్లీ ఎండపెట్టాలి, పురుగు చూడాలి, బూజు చూడాలి. 20 ఏళ్ల తొక్క అంటే ఆ పని ఇరవైసార్లు ఎవరో చేశారన్నమాట. వయసుకి కాదండీ, నేను విలువిచ్చేది ఆ చాకిరీకి.

ఎందుకంటే ఆ చాకిరీ జరగకపోతే పాత తొక్క మందు కాదు, ప్రమాదం. వేరుశనగకి పట్టే బూజు, అందులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం గురించి మీరు వినే ఉంటారు. చెన్‌పీకీ అదే భయం. కిలో తొక్కలో అఫ్లటాక్సిన్ బి1 అనేది 5 మైక్రోగ్రాములు, నాలుగు రకాలూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదని ఆ ఫార్మకోపియాలోనే ఉంది. అది కాలేయాన్ని దెబ్బతీసే విషం. కషాయం మరిగించినంత మాత్రాన పోదు. నేను విజయవాడ తిరిగొచ్చిన మొదటి ఏడాది ఎనిమిదేళ్ల తొక్క అరకిలో ప్లాస్టిక్ కవర్లో కట్టి అటక మీద పెట్టాను. వానాకాలం దాటాక తీస్తే తొక్క మడతల్లో బూడిద రంగు నూగు. ల్యాబ్‌లో అన్నేళ్లు పనిచేసి కూడా ఆ తప్పు చేశాను. దులిపి ఎండబెడదామని మనసు లాగింది, కానీ మొత్తం పారేశాను. మీరూ అలాంటిది కనిపిస్తే పారేయండి, ధర గుర్తు చేసుకోవద్దు.

ఇప్పుడు మీ డబ్బా చూడండి. ఒక తొక్క రేకు తీసి కిటికీ దగ్గర వెలుతురుకి అడ్డం పెట్టండి. సన్నని నూనె గుంటలు దగ్గర దగ్గరగా, వెలుగు చుక్కల్లా కనిపించాలి. పైభాగం ముదురు గోధుమ నుంచి నలుపు దాకా ఉండొచ్చు. లోపలి వైపు మారే తీరు వేరు. కొత్తదానికి తెలుపు, పదేళ్లు దాటినదానికి పసుపు గోధుమ, ఇంకా పాతదానికి మరింత ముదురు. అది అంతటా ఒకేలా, రంగు పులిమినట్టు ఉంటే అనుమానించండి. టీ నీళ్లలో ముంచి, వేడి మీద ఆరబెట్టి వయసు పెంచేవాళ్లు ఉన్నారు. తర్వాత వాసన. మూడేళ్లదైతే ఇంకా పండు పులుపు తెలుస్తుంది. పది దాటితే ఆ పులుపు పోయి తియ్యటి వాసన. ఇరవై దాటిన అసలైనదానికి పాత చెక్కపెట్టె తెరిచినట్టు, కాస్త కర్పూరం కలిసినట్టు ఉంటుంది. ముక్కిన వాసన, తడి గోడ వాసన వస్తే అది వయసు కాదు, చెడిపోవడం. వేడి నీళ్లలో వేస్తే నీరు తేటగా రావాలి, కలకగా రాకూడదు. ఇన్ని చూసినా అది 20 ఏళ్లదా, 12 ఏళ్లదా అన్నది నేను కూడా చేత్తో పట్టుకుని కచ్చితంగా చెప్పలేను. శుభ్రంగా ఉందా లేదా అన్నది మాత్రం చెప్పగలను, మీకు కావలసింది కూడా అదే.

బాగుందనుకుంటే వాడే తీరు. అక్కడి మోతాదు రోజుకి 3 నుంచి 10 గ్రాములు. డెబ్బై దాటిన మనిషికి 3 గ్రాములతో మొదలుపెట్టండి, వంటింటి చిన్న త్రాసు మీద తూచండి. ఒకసారి కడిగి, పావుగంట నానబెట్టి, రెండు గ్లాసుల నీళ్లలో రెండు సన్నని అల్లం ముక్కలతో సన్న సెగ మీద పదిహేను ఇరవై నిమిషాలు మరిగించి, తిన్న తర్వాత గోరువెచ్చగా ఇవ్వండి. వారం రోజులు చూడండి. ఉబ్బరం తగ్గి, కఫం తేలిగ్గా వస్తుంటే మంచిది. నోరు ఆరుతోందన్నా, గుండె దడ అన్నా, దగ్గు పొడిబారినా ఆపేయండి. ఇందులో సినెఫ్రిన్ అనే పదార్థం కొద్దిగా ఉంటుంది, గుండె వేగం మీద దాని ప్రభావం ఉండొచ్చు కాబట్టి బీపీ, గుండె మందులు, రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా రోజూ తాగకూడదు.

ఇంత చెప్పి, ఆధారాల మాట చెప్పకపోతే తప్పవుతుంది. చెన్‌పీ ఒక్కదాని మీద జరిగిన పని ఎక్కువగా గాజు గొట్టాల్లో, ఎలుకల మీద జరిగింది. మనుషుల మీద జరిగినవాటిలో నాకు బాగా నమ్మకం కలిగించినవి జపాన్‌లో రిక్కున్‌షితో అనే కషాయపు పొడి మీద జరిగినవి. అజీర్తి, తిన్న వెంటనే కడుపు నిండిపోవడం లాంటి ఇబ్బందులకి అక్కడి డాక్టర్లే రాస్తారు. అందులో కమలా తొక్క ఉంది, కానీ దాంతో పాటు జిన్సెంగ్, అల్లం, అతిమధురం వగైరా ఇంకో ఏడు ఉన్నాయి. ఫలితం తొక్కదా, ఆ గుంపుదా అంటే గుంపుదే అనాలి. అందుకే పొట్ట ఉబ్బరానికి ఆశపెట్టుకోవచ్చు అంటాను, దగ్గుకి ఉపశమనం అంటాను, అంతకు మించి అనను. మధుమేహం తగ్గుతుంది, కేన్సర్ పోతుంది అని రాసిన డబ్బాలు కూడా చూశాను. అవి చదివినప్పుడు నిజంగా బాధేస్తుంది.

మూడో ప్రశ్నకి జవాబు మీకు నచ్చుతుంది. నాగపూర్ కమలా కూడా వృక్షశాస్త్రం ప్రకారం అదే జాతి, రకం మాత్రం వేరు. కాబట్టి దాని తొక్క షిన్‌హుయిది కాదు గానీ, ఇంటి వాడకానికి పరాయిది కాదు. మన బత్తాయి, నిమ్మ, దబ్బ తొక్కలు మాత్రం వేరే జాతులవి, ఈ లెక్కలోకి రావు. ఫిబ్రవరి, మార్చిలో వచ్చే పంట పళ్లు తీసుకోండి, వెనకాలే మన ఎండలు ఉంటాయి. మార్కెట్లో నిగనిగలాడేవాటికి మైనం పూత ఉండొచ్చు, మందులు కొట్టిన పళ్లూ ఉంటాయి. తెలిసిన తోట నుంచి వస్తే మేలు, లేదంటే ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో బాగా రుద్ది కడగండి. మూడు రేకులుగా ఒలిచి, వడలనిచ్చి, తిరగేసి, విరిస్తే ఠప్పుమనేదాకా ఎండబెట్టండి. గాజు సీసాలో పెట్టి వానాకాలం అంతా నెలకోసారి చూసుకోండి. కోస్తా జిల్లాల్లో ఉంటే ఐదేళ్లు, పదేళ్లు దాచాలన్న ఆశ పెట్టుకోవద్దు, ఏడాదిలో వాడేసి మళ్లీ కొత్తవి పెట్టుకోవడమే క్షేమం. గ్వాంగ్‌డాంగ్ ఇళ్లలో ఎర్ర చిక్కుడు గింజల పాయసంలో ఒక రేకు వేసి ఉడికిస్తారు. మనం పెసరపప్పు పాయసంలో చిన్న ముక్క వేసినా ఆ వాసన బాగుంటుంది, బరువు కూడా అనిపించదు. వేసే ముందు నానబెట్టి లోపలి తెల్లటి పొర చెంచాతో గీకేయండి, చేదు తగ్గుతుంది.

మామగారి పరీక్షలయ్యాక దగ్గు పొడిదా, కఫంతోనా, పొద్దున ఎక్కువా రాత్రి ఎక్కువా, నాలుక ఎలా ఉంది, ఏ మాత్రలు వాడుతున్నారు అన్నవి రాయండి. డబ్బాలోని తొక్క లోపలి వైపు ఫొటో కూడా పగటి వెలుతురులో తీసి పెట్టండి, చూసి చెబుతాను.